ట్రైలర్ లాగే పాత థార్‌కు కమాన్లు, షాకబ్జర్లు ఎంచుకోవడం ఎలా

2010 నుంచి 2020 దాకా వచ్చిన మహీంద్రా సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్ ఇంజన్) థార్, అంతకు ముందు తరం మహీంద్రా ఎంఎం540, మారుతి జిప్సీ... ఈ బళ్లు ఇప్పటికీ పొలాలకు, క్వారీలకు, చెరువులకు ట్రైలర్లు లాగుతూనే ఉన్నాయి. వెనక జనరేటరో, కంప్రెసరో, నీళ్ల ట్యాంకో, చిన్న పడవో తగిలించగానే బండి వెనక కూలబడుతుంది, స్టీరింగ్ తేలిపోయినట్టుంటుంది, హెడ్‌లైట్లు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడతాయి. అప్పుడు చాలామంది బండిని రెండంగుళాలు లేపే లిఫ్ట్ కిట్ కొంటారు, లేదంటే కమాన్ల (ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగుల) షాపుకెళ్లి "రెండు పట్టీలు ఎక్కించు" అంటారు. ఎంత బరువు కోసం ఎక్కిస్తున్నామో ఇద్దరిలో ఎవరూ లెక్క చూడరు. ఎత్తు కోసం కొన్న కమాను బరువుకు పనికొస్తుందన్న నమ్మకం లేదు. బరువుకు సరిపోయే కమాను వేస్తే మాత్రం కావాల్సిన ఎత్తు దానంతటదే వస్తుంది.

ఇక్కడ ప్రధానంగా సీఆర్‌డీఈ థార్ గురించే చెబుతున్నాం. దాని ముందు వైపు టార్షన్ బార్లు, అంటే మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు, వెనక కమాన్ కట్టలు. ఎంఎం540కి, జిప్సీకి నాలుగు వైపులా కమాన్లే కాబట్టి, వెనక గురించి చెప్పేదంతా వాటికీ వర్తిస్తుంది. తేడా ఉన్నచోట విడిగా చెబుతాం.

ముందు కాటా, తర్వాతే షాపు

బండిని వేబ్రిడ్జి మీదికి మూడు స్థితుల్లో తీసుకెళ్లండి. ఒకటి: డీజిల్ నిండుగా, డ్రైవర్ తప్ప ఇంకేమీ లేకుండా. రెండు: రోజూ మోసే సామాను, మనుషులతో. మూడు: ఇదే సామానుతో, ట్రైలర్ కూడా తగిలించి. ప్రతిసారీ ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఒక తూకం, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఇంకో తూకం తీసుకోండి. మూడోసారి ట్రైలర్ చక్రాలు కాటా బయటే ఉండాలి. వచ్చిన అంకెలను ఆర్‌సీలోని మొత్తం బరువుతో, మాన్యువల్‌లో ఇచ్చిన యాక్సిల్ పరిమితులతో పోల్చండి. దాటి ఉంటే కమాన్ల సంగతి పక్కనపెట్టి సామాను తగ్గించాలి. కమాను గట్టిపడినంత మాత్రాన యాక్సిల్, బేరింగులు, బ్రేకులు, ఛాసిస్ గట్టిపడవు.

లారీల కాటా చిన్న తేడాలను పట్టదు కాబట్టి, ట్రైలర్ ముక్కు బరువు, అంటే కొండీ మీద పడే బరువు, విడిగా తూచాలి. ట్రైలర్‌కు పూర్తి లోడు వేసి, సమతలం మీద నిలిపి, చక్రాలకు రాళ్లు పెట్టి, బండికి తగిలించినప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తులో ముక్కు కింద ఒక దుంగ, దాని కింద ఇంట్లో మనుషులు తూచుకునే కాటా పెట్టండి. మొత్తం ట్రైలర్ బరువులో 8 నుంచి 10 శాతం ముక్కు మీద ఉంటే మంచిది. 5 శాతం కంటే తగ్గితే వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ పాములా ఊగడం మొదలవుతుంది. ఆ ఊపుకు సస్పెన్షన్‌లో మందు లేదు, ట్రైలర్‌లో సామాను ముందుకు జరపడమే దారి. నీళ్ల ట్యాంకు లాగేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: సగం నిండిన ట్యాంకులో నీళ్లు బ్రేకు వేసినప్పుడు ముందుకు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వెనక్కు పోతాయి, ముక్కు బరువు క్షణక్షణం మారుతుంది. లోపల అడ్డుపలకలు లేని ట్యాంకైతే పూర్తిగా నింపి గానీ, పూర్తిగా ఖాళీగా గానీ లాగండి.

ముక్కు బరువు 80 కిలోలైతే వెనక యాక్సిల్ మీద 80 కిలోలే పెరుగుతుందనుకుంటే పొరపాటు. థార్ వీల్‌బేస్, అంటే ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం, 243 సెంటీమీటర్లు. వెనక యాక్సిల్ నుంచి ట్రైలర్ తగిలించే హిచ్ (కొండీ) బంతి 80 సెంటీమీటర్లు వెనకుందనుకుందాం. ముందు యాక్సిల్ మీంచి లేచిపోయే బరువు 80 × 80 ÷ 243, అంటే సుమారు 26 కిలోలు. అది కూడా వెనకే చేరుతుంది, మొత్తం 106 కిలోలు. స్టీరింగ్ తేలిపోవడానికి కారణం ఆ 26 కిలోలే. స్పేర్ వీల్ తగలకుండా హిచ్‌ను ఇంకో 20 సెంటీమీటర్లు పొడవు చేయిస్తే 26 కాస్తా 33 అవుతుంది. అందుకే కమాన్ల కంటే ముందు హిచ్ చూడండి. బంపర్‌కు ఎంత దగ్గరగా తేగలిగితే అంత దగ్గరకు తేవాలి, ట్రైలర్ తగిలించాక నేలకు సమాంతరంగా ఉండాలి. ఇది సరిచేయడానికయ్యే ఖర్చు కమాన్ల ఖర్చులో చాలా చిన్న భాగం.

కూలబడింది బరువుకా, వయసుకా

పదేళ్లు దాటిన బండికి కమాన్లు వాటంతటవే చదునవుతాయి. కొలిచి చూడండి. వెనక చక్రం మధ్య బిందువు నుంచి పైన ఫెండర్ అంచు వరకు నిలువుగా టేపు పెట్టండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి తేడా కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి అలా వద్దు. కుడి, ఎడమ మధ్య 10 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉంటే ఒక కట్టలో పట్టీ విరిగిందని గానీ, బుష్ (కీలులోని రబ్బరు గొట్టం) పోయిందని గానీ అనుమానించాలి. యాక్సిల్ మరీ పైకి రాకుండా అడ్డుకునే బంప్ స్టాప్ రబ్బరుకూ యాక్సిల్‌కూ మధ్య ఖాళీ కూడా రాసుకోండి. తర్వాత లెక్క మొత్తం ఆ ఖాళీ మీదే నడుస్తుంది.

పట్టీల అంచుల మీద దుమ్ము తుడిచి, పట్టీలన్నిటినీ మధ్యలో కలిపే సెంటర్ బోల్టు చుట్టూ సన్నని తుప్పు గీత ఉందేమో చూడండి. పగులు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. కమానును యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు వదులైతే పట్టీలు సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర వంగి వంగి విరుగుతాయి. షాకిల్ (కమాను ఒక కొసను ఛాసిస్‌కు కలిపే, ఊగే లింకు) పిన్నులు, బుష్‌లు, ఛాసిస్‌కు షాకిల్ హ్యాంగర్ అతికిన వెల్డింగ్, షాకబ్జర్ బ్రాకెట్లు కూడా చూడాలి. లివర్‌తో కదిపితే షాకిల్ పక్కకు ఊగిందంటే బుష్ అయిపోయినట్టే. బుష్‌లు, షాకబ్జర్లు మారిస్తేనే సగం ఫిర్యాదు తీరిపోయే బళ్లు చాలా ఉంటాయి. టైరు గాలి కూడా ఇక్కడే చూసుకోండి. ట్రైలర్ తగిలించినప్పుడు వెనక టైర్లకు 4 నుంచి 6 పీఎస్ఐ ఎక్కువ పెట్టడం, టైరు పక్కగోడ మీద రాసిన గరిష్ఠ పరిమితి దాటకుండా, అన్నిటికంటే చవకైన మార్పు. లోడ్ ఇండెక్స్ 106 అని ఉంటే ఆ టైరు 950 కిలోలు మోస్తుంది. చూడ్డానికి బాగుందని తక్కువ ఇండెక్స్ ఉన్న మడ్ టైర్లు వేయించిన బళ్లలో మిగతా పనంతా వృథా.

సిమెంటు బస్తాలతో కమాను బిగువు తేల్చడం

కమాను ఎంత బరువుకు ఎంత దిగుతుందన్నదే దాని బిగువు. కమాన్ల షాపులో ఎవరూ ఇవ్వని అంకె ఇది. ఇంటి దగ్గరే తేలుతుంది. నాలుగు సిమెంటు బస్తాలు తెచ్చుకోండి, ఒక్కోటి 50 కిలోలు. బండిని సమతలం మీద, హ్యాండ్‌బ్రేక్ వేయకుండా, ముందు చక్రాలకు రాళ్లు పెట్టి నిలపండి. వెనక బంపర్ పట్టుకుని నాలుగైదుసార్లు ఊపి వదిలి, చక్రం మధ్య నుంచి ఫెండర్ వరకు కొలవండి. రెండు బస్తాలను సరిగ్గా వెనక యాక్సిల్ పైన పెట్టి మళ్లీ ఊపి కొలవండి. నాలుగూ పెట్టి కొలవండి. తర్వాత దింపుతూ కూడా ఇలాగే కొలవండి. పట్టీల మధ్య రాపిడి వల్ల ఎక్కించేటప్పుడు వచ్చిన కొలత, దింపేటప్పుడు వచ్చిన కొలత ఒకటి కావు. రెండింటి సగటు తీసుకోవాలి. ఈ రెంటి మధ్య తేడా మరీ ఎక్కువుంటే పట్టీలు తుప్పుతో పట్టేశాయని అర్థం.

ఉదాహరణకు 200 కిలోలకు 40 మిల్లీమీటర్లు దిగిందనుకుందాం. రెండు కట్టలూ కలిపి మిల్లీమీటరుకు 5 కిలోలు. పైన చూసిన ముక్కు బరువు వల్ల వచ్చే 106 కిలోలు, వెనక సామాను 120 కిలోలు, మొత్తం 226. దిగేది 45 మిల్లీమీటర్లు. ఖాళీ బండికి బంప్ స్టాప్ దగ్గర 70 మిల్లీమీటర్లు ఉంటే ఇక మిగిలింది 25. ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ యాక్సిల్ వెళ్లి రబ్బరును కొడుతుంది. లోడుతో నిలబడి ఉన్నప్పుడు కూడా కనీసం 40 మిల్లీమీటర్లు మిగలాలని పెట్టుకుంటే, ఈ బండికి ఇంకో 15 మిల్లీమీటర్లు కావాలి. రెండంగుళాల లిఫ్ట్ దీనికి అక్కర్లేదు.

ఏ కమాను

కొత్త కమాన్ కట్ట, పాతదానికి వంపు పెట్టించడం, పట్టీ చేర్చడం, హెల్పర్ వేయడం. ఈ నాలుగింట్లో ఎంచుకోవాలి.

వంపు పెట్టించడం విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఒక పూటలో అయ్యే పని. అయితే సుత్తితో చల్లగా కొట్టి తెచ్చిన వంపు, అలసిపోయిన ఉక్కులో ఎక్కువ కాలం నిలవదు, కొన్ని నెలల్లో మళ్లీ చదునవుతుంది. పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి వంచి, నూనెలో చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిమీద పదును పెట్టే షాపైతేనే నమ్మొచ్చు. బండి కిందే గ్యాస్ మంటతో వేడి చేసి వంచుతామంటే వద్దనండి. ఉక్కు పదును అక్కడికక్కడే పోతుంది. విరిగిన పట్టీకి వెల్డింగ్ కూడా అంతే. కట్ట పాతబడి ఉంటే కంపెనీ కొలతల కొత్త కట్ట వేసి మళ్లీ బస్తాల పరీక్ష చేయండి. చాలా బళ్లకు అదొక్కటే సరిపోతుంది.

పట్టీ చేర్చేటప్పుడు మందం విషయంలో గట్టిగా ఉండాలి. పట్టీ బిగువు దాని మందం ఘనంతో పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల చోట 8 మిల్లీమీటర్లది వేస్తే బిగువు 2.4 రెట్లకు దగ్గరగా పోతుంది. "కాస్త మందంగా ఉంటే మంచిదే కదా" అన్న మాటకు ఇక్కడ చోటు లేదు. కట్టలో ఉన్న పట్టీల మందంతోనే, రెండో పట్టీ కంటే కాస్త పొట్టిగా, వంపు మిగతావాటికి కొంచెం ఎక్కువగా ఉండేలా ఒకటి చేయించాలి. ఐదు పట్టీల కట్టకు ఇలా ఒకటి చేరిస్తే బిగువు ఐదోవంతు దాకా పెరుగుతుంది. మన ఉదాహరణలో మిల్లీమీటరుకు 6 కిలోలవుతుంది, 226 కిలోలకు 38 మిల్లీమీటర్లే దిగుతుంది. పైగా చేర్చిన పట్టీ వంపు వల్ల ఖాళీ బండి కూడా కొద్దిగా లేస్తుంది. కావాల్సిన 15 మిల్లీమీటర్లు ఈ రెండూ కలిపి ఇస్తాయి. మరీ పొట్టి, మరీ మందం పట్టీ వేస్తే దాని కొస ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడే పై పట్టీ విరుగుతుంది.

నెలలో ఒకటి రెండుసార్లే ట్రైలర్ లాగేవాళ్లకు ఇది కూడా ఎక్కువే. వాళ్లకు హెల్పర్ నయం: కట్ట అడుగున చదునుగా ఉండే ఒక మందపాటి పట్టీ. ఖాళీ బండికి అది పైవాటిని తాకదు, బరువు పడి పై పట్టీలు చదునయ్యేకొద్దీ దాని కొసలు అందుకుంటాయి. ట్రైలర్ బరువులో సగం పడేసరికి తాకేలా ఖాళీ పెట్టమనండి. మన ఉదాహరణలో సామానుతో 24 మిల్లీమీటర్లు దిగాక, ట్రైలర్ వల్ల ఇంకో 10 దిగేటప్పుడు. ఇలా చేస్తే ట్రైలర్ లేని రోజుల్లో నడక పాడవదు. వెనక మరీ గట్టిపడిన బండి వానలో తడిసిన రోడ్డు మీద, మలుపులో గతుకు తగిలితే, వెనక చక్రం ఎగిరి పక్కకు జారుతుంది. పొట్టి వీల్‌బేస్ బండికి ఇది నిజంగా ప్రమాదకరం.

కమాను, ఛాసిస్ మధ్య పెట్టే గాలి సంచులు కూడా దొరుకుతున్నాయి. గాలి పెంచి తగ్గించుకోవచ్చు కాబట్టి సౌకర్యమే. కాకపోతే బరువంతా ఛాసిస్‌లో ఒక్కచోట, కంపెనీ బలపరచని చోట పడుతుంది. తుప్పు పట్టిన పాత ఛాసిస్‌కు వాటిని వేయొద్దనే మా సలహా. మంచి ఛాసిస్ ఉండి వేసుకుంటే, ఖాళీగా తిరిగేటప్పుడు కూడా తయారీదారు చెప్పిన కనీస గాలి ఉంచాలి, లేకపోతే రబ్బరు మడతపడి చిరుగుతుంది.

షాకిల్, బ్లాక్

పొడవాటి షాకిల్, కమానుకూ యాక్సిల్‌కూ మధ్య పెట్టే దిమ్మె అంటే బ్లాక్, రెండూ ఎత్తు ఇస్తాయి, బరువు మోసే శక్తి రవ్వంత కూడా ఇవ్వవు. షాకిల్‌ను 50 మిల్లీమీటర్లు పొడవు చేస్తే బండి లేచేది దాదాపు 25. ఎంఎం540, జిప్సీల్లో ముందు షాకిల్ బంపర్ వైపు ఉంటుంది కాబట్టి అక్కడ పొడవు పెంచితే యాక్సిల్ ముందుకు తిరిగి క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గిపోతుంది, స్టీరింగ్ దానంతటది నేరుగా రావడం మానేస్తుంది. అసలే ట్రైలర్ వల్ల ముందు తేలికైన బండికి ఇది చేయకూడని పని. ముందు యాక్సిల్‌కు బ్లాక్ అసలే వద్దు. వెనక కూడా బ్లాక్ వేస్తే, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిల్ మెలితిరగడం ఎక్కువవుతుంది.

వెనక ఎంత లేచినా, ఇంజన్ శక్తిని వెనక యాక్సిల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ బయటికొచ్చే అంచు, డిఫరెన్షియల్ ముక్కు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. లోడులో ముక్కు పైకి లేస్తుంది కాబట్టి నిలిచినప్పుడు ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉన్నా మంచిదే. వేగం 60 దాటాక బండి అడుగున గుయ్యిమని అదురు మొదలైతే ముందు ఈ కోణమే కొలవండి. కమాను, యాక్సిల్ మధ్య పెట్టే ఏటవాలు ఉక్కు పలకతో సరిచేయొచ్చు.

ముందు టార్షన్ బార్

ఎత్తు సర్దే బోల్టు తిప్పితే బార్ గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. గట్టిపడదు. ముందు ఎత్తు మాత్రమే మారుతుంది, ఆ మేరకు చక్రం కిందికి వేలాడే ప్రయాణం తగ్గుతుంది. మరీ ఎక్కువ తిప్పితే యాక్సిల్ షాఫ్ట్ జాయింట్లు వాలుగా తిరిగి వాటి రబ్బరు తొడుగులు (బూట్లు) చిరిగి, గ్రీజు బయటికొచ్చి, జాయింటే పోతుంది. వెనక పని పూర్తయ్యాకే ముందు వైపు ముట్టుకోండి. సాధారణంగా ముట్టుకోవాల్సిన అవసరమే రాదు.

తప్పదనుకుంటే, బోల్టు మరలు బయటికి ఎంత కనిపిస్తున్నాయో రెండు వైపులా కొలిచి రాసి, జాకీతో చక్రాలను వేలాడనిచ్చి, తర్వాతే తిప్పండి. లోడు మీద తిప్పితే మరలు పాడవుతాయి. బార్లు బయటికి తీస్తే కుడి, ఎడమ మార్చకండి. ఒక దిశలో మెలికకు అలవాటుపడిన బార్ రెండో వైపు వేస్తే కొంతకాలానికే కుంగుతుంది, విరగొచ్చు కూడా. ఎంత తక్కువ తిప్పినా వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే ముందు యాంటీ రోల్ బార్‌ను ఆఫ్‌రోడ్ కోసమని తీసేసిన బండి అయితే, ట్రైలర్ లాగే ముందు దాన్ని తిరిగి పెట్టండి.

షాకబ్జర్లు

షాకబ్జర్ బరువు మోయదు, కమాను ఊగడాన్ని ఆపుతుంది. కమాను గట్టిపడితే అది వెనక్కు తన్నే శక్తి పెరుగుతుంది, పాత షాకబ్జర్ దాన్ని అదుపు చేయలేదు. అందుకే పట్టీ చేర్చినవాళ్లు షాకబ్జర్లు కూడా మార్చాలి. నెమ్మదిగా బరువులు లాగే బండికి మంచి ట్విన్ ట్యూబ్ గ్యాస్ షాకబ్జర్ చాలు. గంటల తరబడి గతుకుల మట్టిరోడ్డు మీద లాగేవాళ్లకు లావు ఒళ్లుండి నూనె ఎక్కువ పట్టేవి కావాలి, వేడెక్కితే నూనె నురగై పట్టు వదిలేస్తుంది.

పేరు చూసి కాక పొడవు చూసి కొనండి. యాక్సిల్ బంప్ స్టాప్‌ను పూర్తిగా నొక్కినప్పుడు పై, కింది బోల్టుల మధ్య దూరం కొలవండి. షాకబ్జర్ మూసుకున్న పొడవు అంతకంటే కనీసం 20 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి, లేకపోతే అదే బంప్ స్టాప్‌గా మారి బ్రాకెట్‌ను పీకేస్తుంది. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కూడా కొలవండి, విప్పుకున్న పొడవు అంతకంటే ఎక్కువుండాలి. అదే స్థితిలో బ్రేక్ హోస్ బిగుసుకోలేదని చూసుకోండి.

బిగించేటప్పుడు

బండిని ఛాసిస్ కింద స్టాండ్ల మీద నిలిపి, యాక్సిల్‌కు విడిగా జాకీ పెట్టి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు విప్పండి. యూ బోల్టులు, వాటి నట్లు, సెంటర్ బోల్టు కొత్తవే వేయాలి. పాత యూ బోల్టు ఒకసారి సాగింది, మళ్లీ అదే బిగువు పట్టదు. సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీది గుంటలో పూర్తిగా కూర్చుందో లేదో చేత్తో తడిమి చూడండి. కూర్చోకపోతే యాక్సిల్ వంకరగా నిలిచి బండి ఒక పక్కకు లాగుతుంది. యూ బోల్టు నట్లను కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా, టార్క్ రెంచితో మాన్యువల్ అంకెకు బిగించాలి.

కమాను కన్ను (కొసన చుట్టిన రంధ్రం) బోల్టులు, షాకిల్ బోల్టులు మాత్రం అప్పుడే బిగించొద్దు. చక్రాలు వేసి, బండిని నేలకు దింపి, నాలుగుసార్లు ఊపి, అప్పుడు బిగించండి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్ ఆ భంగిమలోనే పట్టుకుపోయి, బండి దిగగానే మెలితిరుగుతుంది, కొన్ని వారాల్లో చిరుగుతుంది. పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పలచగా రాస్తే చాలు. వాడేసిన ఇంజన్ ఆయిల్ పూసే అలవాటు మానేయండి, అది దుమ్మును పట్టి ఒరిపిడి పెంచుతుంది, బుష్ రబ్బరును కుళ్లబెడుతుంది.

బండికి లోడును బట్టి వెనక బ్రేకును సరిచేసే వాల్వ్ ఉంటే దాన్ని తప్పక చూడాలి. దాని కడ్డీ యాక్సిల్‌కు కలిసి ఉంటుంది. వెనక లేస్తే అది బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది, సరిగ్గా ట్రైలర్ తోస్తున్నప్పుడే. కడ్డీని కొత్త ఎత్తుకు మాన్యువల్ ప్రకారం సర్దించండి.

చట్టం సంగతి కూడా ముందే తేల్చుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో నమోదైన తయారీదారు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కంపెనీ కొలతల కట్ట, బుష్‌లు, షాకబ్జర్లతో చేసే మరమ్మతుకు ఇబ్బంది లేదు. అంతకు మించి చేసేటప్పుడు ఆర్‌టీఓ ఆఫీసులో, బీమా కంపెనీలో అడిగి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. ట్రైలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి.

పని అయ్యాక ముందు ఖాళీ బండితో, తర్వాత సగం లోడు ట్రైలర్‌తో, ఆ తర్వాత పూర్తి లోడుతో నడపండి. 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కు మరోసారి యూ బోల్టులు టార్క్ రెంచితో చూడండి. మొదటిసారి నట్లు కొంత తిరగడం సహజం, రెండోసారి కూడా తిరిగితే పట్టీల మధ్య ఏదో సరిగ్గా కూర్చోలేదు, విప్పి చూడాలి. చివరగా ట్రైలర్ తగిలించి, సామానంతా వేసి, సాయంత్రం గోడ ఎదురుగా నిలిపి హెడ్‌లైట్ల ఎత్తు సర్దుకోండి.